చుక్క పెట్టని స్క్రూ

సొరుగు పట్టేస్తే నేను బలంగా లాగను, ఎవరినీ లాగనివ్వను. చిన్నప్పుడు లాగితే వీపు విమానం మోత మోగేది. "దానికెక్కడో నొప్పిగా ఉండబట్టే కదే రానంటోంది, పీకుతావేం?" అని మా మేనత్త గయ్యిమనేది. ఇప్పుడు నా ఇంట్లో నేనూ అలాగే అరుస్తుంటే మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. మా అత్త సంగతి ఆయనకేం తెలుసు?

అత్త మా నాన్నకు చెల్లెలు. ఇద్దరూ ఒకే ఫర్నిచర్ షాపులో పనిచేసేవారు. అట్టపెట్టెల్లో ముక్కలు ముక్కలుగా వచ్చే బల్లల్ని, బీరువాల్ని నాన్న వ్యానులో ఇళ్లకు చేర్చేవాడు. కొన్నవాళ్లు వాటిని తామే బిగించుకునేవారు. ఆ తర్వాత తలుపు పడటం లేదని, సొరుగు రావడం లేదని షాపుకి ఫోన్ చేసి తిట్టేవారు. ఆడలేక మద్దెల ఓడు! అప్పుడు అత్త బయల్దేరేది. భుజాన సంచి, అందులో స్క్రూడ్రైవర్లు, ఒక పురికొస, సొరుగు అంచులకు రుద్దడానికి కొవ్వొత్తి ముక్క. చెవి మీద పెన్సిలు.

వెళ్లగానే సంచి విప్పేది కాదు. "రోజూ ఎలా లాగుతారో అలా ఓసారి లాగండి" అని పక్కన నిలబడి చూసేది. సగం సొరుగులకు జబ్బు మనుషుల చేతుల్లోనే ఉంటుందని ఆమె సిద్ధాంతం. ఒక కొస పట్టుకుని గుంజేవాళ్లు, మోకాలితో తన్ని మూసేవాళ్లు, ఇరుక్కున్న సొరుగుతో మాట్లాడి బతిమాలేవాళ్లు, అందరి గురించీ మాకు సాయంత్రం అభినయించి చూపించేది. నేనూ నాన్నా పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. ఆ సాయంత్రాలు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

మనిషిని చూశాక బీరువాని చూసేది. ఐమూలగా ఈ మూల నుంచి ఆ మూలకి ఓసారి, మిగతా రెండు మూలల మధ్య ఓసారి పురికొస పట్టి, రెండు కొలతలకూ తేడా వస్తే చట్రం ఒరిగిందని తేల్చేది. "ఇల్లు ఒరిగితే సొరుగేం చేస్తుంది పాపం" అంటూ వెనక పలక ఊడదీసి, చట్రాన్ని నిటారు చేసి, పలకను మళ్లీ మేకులతో కొట్టేది. సొరుగు జారే రేకు పట్టాలు విప్పి సరిగ్గా అమర్చేది. ఒక్కో స్క్రూ బిగించాక దాని పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేది. చుక్క పెట్టిందంటే ఇక ఆ స్క్రూ సంగతి మరిచిపోవచ్చు. మా ఇంట్లో కిటికీ గొళ్లెం పక్కన, మంచం కోళ్ల మీద, ఎక్కడ చూసినా ఆ చుక్కలే. "నా మూతి పక్కన కూడా ఒకటి పెట్టెయ్యవే, ఎలాగూ బిగించేశావుగా" అనేవాడు నాన్న.

నాకు ఊహ తెలిసీ తెలియని వయసులోనే అమ్మ పోయింది. నెల్లాళ్లుండి వెళ్తానని వచ్చిన అత్త ఇక కదల్లేదు. నా జడలు, నా జ్వరాలు, నా పరీక్షలు అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. ఎవరైనా పెళ్లి మాటెత్తితే "ముందు పిల్లని ఎదగనీండి" అనేది. పిల్ల ఎదిగింది, తాడిచెట్టంత. అప్పటికి ఆ మాట ఎత్తేవాళ్లు లేకుండా పోయారు. నాన్న కూడా ఎత్తలేదు. ఎత్తితే వెళ్తానంటుందేమోనని భయం కాబోలు.

నేను కాలేజీలో ఉండగా కళ్లజోళ్లాయన ఫోన్ చేశాడు. ఇంటి ముందుగదిలోనే చిన్న కళ్లజోళ్ల దుకాణం, వెనక ఒంటరి కాపురం. ఫ్రేములు పెట్టుకోవడానికి సొరుగుల బీరువా కొని, తనే బిగించుకుని, ఎడమ పట్టాలు కుడికి, కుడివి ఎడమకి వేసేశాడట. ఒక్క సొరుగూ రాదు. "ఊరందరి చూపూ సరిచేస్తాడు, ఎడమేదో కుడేదో కనపడలేదు చూడు" అని అత్త ఆ సాయంత్రం పడీ పడీ నవ్వింది. లాగి చూపించమంటే ఎలా లాగాడని నేను అడిగాను. అత్త నవ్వు ఆపింది.

"రెండు చేతులతో మెల్లగా లాగాడే. లోపల ఎవరో పడుకున్నట్టు" అంది. ఆ రోజు ఇక ఎవరినీ అభినయించలేదు.

కొన్నాళ్లకు ఆయన మళ్లీ ఫోన్ చేశాడు, అడుగు సొరుగు పట్టేసిందని. అత్త వెళ్లి బాగుచేసింది. మళ్లీ పట్టేసింది. మళ్లీ వెళ్లింది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఆయన "తప్పు నాదే అయ్యుంటుందండీ" అనేవాడట. అక్కడికి వెళ్లే రోజు అత్త ఇస్త్రీ బట్టలు వేసుకునేది.

"సొరుగు కోసం ఇస్త్రీ బట్టలెందుకత్తా?"

"నోర్మూసుకుని చదువుకో."

షాపు మేనేజరుకి మాత్రం ఒళ్లు మండింది. ఒకే ఇంటి నుంచి ఇన్ని ఫిర్యాదులా? ఆమె చేతిలో పస అయిపోయింది, ఇక ఇళ్లకు పంపను, గోడౌన్లో కూర్చుని స్క్రూలు పొట్లాలు కట్టుకోమను, అన్నాడు. అత్తకు ఆ మాట చావుతో సమానం. నాన్న అడ్డం పడి, ముందు తను వెళ్లి చూసొస్తానన్నాడు. వ్యానెక్కి నేరుగా కళ్లజోళ్లాయన దుకాణానికి వెళ్లాడు.

అత్త ఆ పూట పనికి పోలేదు. వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. తరిగినవే మళ్లీ తరుగుతోంది. నాన్న వచ్చి, చెప్పులు విప్పి, గడప దగ్గరే కూర్చున్నాడు.

"చూశాను. అడుగు సొరుగు పట్టాకి వెనక స్క్రూ ఒకటి లేచి ఉంది" అన్నాడు.

"వదులైపోయి ఉంటుంది" అంది అత్త, తలెత్తకుండా.

"వదులవ్వలేదు. అసలు బిగించలేదు. మిగతా అన్నిటి పక్కనా చుక్కలున్నాయి. దాని పక్కన లేదు."

అత్త దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది. నాకప్పటికి వెలిగింది. ఓసి దీని తెలివి తెల్లారా! ప్రతిసారీ ఆ ఒక్క స్క్రూ తనే వదిలేసి వస్తోందన్నమాట. బిగించని దానికి చుక్క పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"బిగించేశావా అన్నయ్యా?" అంది అత్త. ఆమె గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"నేనెందుకు బిగిస్తానే? నేల ఎగుడుదిగుడుగా ఉంది, నీ తప్పేం లేదని మేనేజరుకి చెప్పొచ్చాను. ఆ కళ్లజోళ్లాయనేమన్నాడో తెలుసా? మళ్లీ పట్టేస్తే ఆవిడే వస్తారా అని అడిగాడు. బీరువా ఎందుకు చెడిపోతోందని అడగడు, ఆవిడే వస్తారా అంటాడు."

అత్త చెంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వే వెళ్లి బిగించు" అన్నాడు నాన్న. "గట్టిగా బిగించి చుక్క పెట్టు. సొరుగు వంక పెట్టుకుని వెళ్లాల్సిన ఖర్మేంటే నీకు? నెల్లాళ్లుంటానని వచ్చిన దానివి, మేం పొమ్మననూ లేదు, ఉండమననూ లేదు. నేను అడగాల్సింది, అడగలేదు. అక్కడ ఉండిపోవాలనిపిస్తే ఉండిపో తల్లీ."

"మరి పిల్ల?"

"పిల్లేంటి, నా కంటే పొడుగుంది. వంట మాడితే మాడిందే తింటాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కళ్లజోళ్లాయన దుకాణానికి పోయి అద్దాలన్నీ పగలగొట్టాలనిపించింది. ఈ ఇంట్లో అత్త లేకపోతే నేను ఎవరి పక్కన పడుకోవాలి, ఎవరితో పోట్లాడాలి? నాన్నకేం, మాట అనేసి వ్యానెక్కి పోతాడు.

అత్త నా వైపు తిరిగింది. "నువ్వేమంటావే?" అంది.

నేను వద్దంటే ఆగిపోతుంది. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. పోవద్దత్తా అన్న మాట గొంతుదాకా వచ్చింది.

"ఆ జుట్టేంటి, పిచ్చిదానిలా?" అన్నాను. "ఇలాగేనా వెళ్లేది? కూర్చో."

నేను దువ్వెన తెచ్చాను. చిన్నప్పటి నుంచీ ఆమె ముందు నేను కూర్చునేదాన్ని, ఈసారి నా ముందు ఆమె కూర్చుంది. నా కళ్లనిండా నీళ్లు, ఏ పాయ ఎటు పోతోందో కనపడలేదు. జడ వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ వేస్తానన్నాను. నూలుపోగంత వంకర ఉన్నా ఊరుకోని మనిషి, చెయ్యి వెనక్కి పెట్టి పై నుంచి కింది దాకా ఆ జడని తడిమి చూసుకుంది.

"వద్దే, బాగుంది" అని, అలాగే వెళ్లింది.