ప్యాకెట్ లోపలి కొసరు

ఈ రోజు ఆమదాలవలసలో రైలు దిగి, స్టేషన్ దగ్గరున్న పైడమ్మ కొట్టుకు వెళ్లాను. ఇన్నాళ్లూ రాగిపిండిని విడిగా తూచి అమ్మిన ఆవిడ, కొత్త వ్యాపారుల శిక్షణకు వెళ్లొచ్చి ఈ వారమే కిలో ప్యాకెట్లు మొదలుపెట్టింది. అమ్మిన ధరలో ఖర్చులు పోగా మిగిలేదే మార్జిన్ అని అక్కడ చెప్పారట. ఎప్పుడూ ఇచ్చే గుప్పెడు కొసరును కూడా ఆ ఖర్చుల్లో లెక్క వేసుకుని, ప్యాకెట్‌లోనే కలిపేసింది.

ఎప్పుడూ అక్కడే కొనే అప్పలమ్మ ప్యాకెట్ అందుకుని కదలకుండా నిలబడింది.

“కొసరేదే?”

“లోపలే ఏసేసినాను పిన్నీ.”

“నువ్వేసినప్పుడు నేను సూసినానేటి?”

“తూసి సూడు, కిలో మీదే ఉంటాది.”

“తూసుకోడానికొచ్చినానేటే? సేత్తో పెట్టు. నేకపోతే ఎదర కొట్టుకి ఎల్తాను.”

ఈ వారంలో అలా వెళ్లిపోయిన వాళ్లు ఇప్పటికే కొందరున్నారట. పైడమ్మ డబ్బా మూత తీసి, గుప్పెడు పిండి పొట్లం కట్టి ఇచ్చింది. అప్పలమ్మ నవ్వుకుంటూ వెళ్లింది.

“కొసరు రెండుసార్లు ఇస్తే మార్జిన్ ఏం మిగులుతుంది?” అని అడిగాను.

“రేపట్నుంచి ప్యాకెట్లో కిలోయే బాబూ. కొసరు ఆల కళ్ల ముందే పెడతాను,” అంది.

కొనేవారికి కనబడేలా ఇచ్చే ఇలాంటి దాన్నే మార్కెటింగ్‌లో సేల్స్ ప్రమోషన్ అంటారు. నేనూ ఒక ప్యాకెట్ కొన్నాను. అందులో కొసరు ఉందని తెలుసు. అయినా చెయ్యి చాపాను. మీరైతే ఊరుకునేవారా?