నాలుగు మూలల పసుపు

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేను పాత ఎలక్ట్రిక్ ట్రాం, రైలు కంపెనీల షేర్ సర్టిఫికెట్లు పోగుచేసేవాణ్ణి. ఆ కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి. కాగితాలు మాత్రం అందంగా ఉండేవి: అంచున లతలు, మధ్యలో ట్రాం బొమ్మ, కింద సిరా సంతకాలు. ఒక నోటుబుక్కులో గళ్లు గీసి ఒక్కోదాని వివరాలు రాసేవాణ్ణి. కంపెనీ, నంబరు, సంతకాలు, మడతలు. చివరి గడి పేరు ‘లోపాలు’.

శామీర్‌పేటలో ఉండే క్లాస్‌మేట్ ఒకడు, వాళ్ల అవ్వ ట్రంకుపెట్టెలో అలాంటిదొకటి ఉందన్నాడు. వాళ్ల తాత బొంబాయిలో ట్రాం తీగల పని చేశాడట. ఆఫీసు ఖాళీ చేస్తూ పారేసిన కాగితాల్లోంచి, బొమ్మ బాగుందని దాన్ని తెచ్చుకున్నాడట. వెళ్లి చూశాను. నా దగ్గర లేనిది. నాలుగు మూలలా వేలితో అద్దిన పసుపు తప్ప ఇంకో మచ్చ లేదు.

“మేడ్చల్ ఇంటర్నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించి శనివారం తెచ్చిస్తానండీ,” అన్నాను.

“అండీ ఏంది బిడ్డా, నేనేమన్న ఎమ్మార్వోనా? అవ్వా అను. పైలం, మడత వడొద్దు.”

బయటికి వచ్చాక క్లాస్‌మేట్ నవ్వాడు. “నాకు రేషన్ కార్డు గూడ చేతికియ్యది. నీకు గిది ఇచ్చిందంటె మస్తు నమ్మింది రా.”

మా ఇంట్లో శుభలేఖల మూలలకు పసుపు పెడతారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. పసుపు రంగు ఎండకు నిలవదని నాకు తెలుసు. మూలలు వదిలి తక్కినదంతా నల్లకాగితంతో కప్పి, పైన గాజుపలక పెట్టి, మేడ్చల్‌లో మా డాబా మీద నాలుగు రోజులు ఎండలో ఉంచాను. ఆమెను ఒక మాట అడగాలని తోచింది. వద్దంటుందేమోనని అడగలేదు. పసుపు పోయింది. కాగితం నాది కాకపోయినా ‘లోపాలు’ గడిలో ‘లేవు’ అని రాసేసుకున్నాను.

శనివారం అవ్వ దాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టి చూసింది. వెనక్కి తిప్పి చూసింది.

“పసుపేది?”

“మరకలు తీసేశానవ్వా. శుభ్రం చేశాను.”

“మరకలా,” అని అరుగు మీద కూర్చుంది. “గది నేను వెట్టింది గాదు బిడ్డా. దసరా నాడు ముసలాయన తీగల పని పటకారుకు వెట్టి, గా చేత్తోనే దీనికి వెట్టేటోడు. ఆయన వోయినంక మల్ల వెట్టలే. ఆయన వేళ్లు వోతయని.”

“పసుపు తేవాల్నా అవ్వా? మల్ల వెడుదువు,” అన్నాడు క్లాస్‌మేట్.

“నా వేళ్లెందుకురా దానికి?”

కాగితం నా వైపు చాపింది. “నువ్వే ఉంచుకో. నీకు బొమ్మ గావాలె. గది ఉన్నది గద.”

వద్దనాల్సింది. కానీ అది నా దగ్గర లేనిది. రెండు చేతులా అందుకున్నాను. బస్సులో మేడ్చల్ దాకా మడత పడకుండా పట్టుకున్నాను.