తాత నా మీద అలగలేదు

దోస్తులారా, నా చిన్నబిడ్డకు మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కొలువు వచ్చింది! రన్‌వే మీదికి పక్షులు రాకుండా చూసే పని. నిన్న మొదటిరోజు పని నేర్చుకొని వచ్చి, చాయ్ తాగుతూ ఒక మాట అన్నది.

"కాకి మనిషి ముఖం మర్చిపోదట బాపూ. కీడు చేసినోన్ని దాని పిల్లలకు గూడ చూపిస్తదట."

నా చేతిలో చాయ్ అట్లే చల్లారిపోయింది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మనిషి పోయిన మూడోనాడు కాకులకు బువ్వ పెట్టే ఆ పిట్టకు పెట్టుడు. నా పదేళ్ళప్పుడు తాత పోతే, నేను మోదుగ విస్తరిలో బువ్వ, బెల్లం పెట్టాను. కాకులు అరుస్తూ పైపైనే తిరిగాయి గాని దిగలేదు. అదే విస్తరి తమ్ముడు పెట్టగానే వాలాయి.

"ముసలాయన నీ మీద అలిగిండు రా! చిన్నోడంటేనే ఆయనకు పానం" అన్నది మేనత్త.

అప్పటి నుంచి తమ్ముణ్ణి చూస్తే నాకు కడుపుమంటే. తాత గొంగడిలో ఇద్దరం పడుకున్నాం, ప్రేమ వాడొక్కడికేనా?

తాత పోయే ముందటేడు వేపచెట్టు కింద పడ్డ కాకిపిల్లను సాకుదామని నేను ఇంటికి ఎత్తుకుపోయాను. అది చచ్చిపోయింది. ఆనాటి నుంచి కాకులు నా నెత్తినే పొడిచేవి. ఆ సంగతి చూడని పిల్లకాకులు కూడా! అలిగింది తాత కాదు, కాకులు!

ఈ ముచ్చట మేనత్త కోడలికి, పహాడీ షరీఫ్ చిన్నక్కకు, గగన్‌పహాడ్ బావకు, అందరికీ చెప్పండి. తమ్ముడికి మాత్రం నేనే పోయి చెప్తాను. అప్పుడు వాడి ముఖం నేను చూడాలి.