మోతి దూప

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ధైర్యం ఎక్కువై కాదు. బతికున్న మనుషులకు భయపడడంతోనే మాకు పొద్దు పొడిచేది, పొద్దు గూకేది. చచ్చినవాళ్ల కోసం దాచిపెట్టుకోవడానికి భయం మిగిలేది కాదు. తెల్లవారకముందే బొందలగడ్డ పక్క నుంచి గడ్డికి పోయేదాన్ని. అక్కడ నాకు ఎప్పుడూ ఏమీ కనబడలేదు.

ఇప్పుడు చెప్పేది మాత్రం పట్టపగలు జరిగింది. నా చేతుల్లో జరిగింది. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. ఉన్నదానికి ఒక్క మాట కూడా ఎక్కువ కలపొద్దని చెప్పి కూర్చోబెట్టాను.

అవి నిజాం రోజులు. రజాకార్ల గొడవ ఇంకా మా దిక్కు రాలేదు. సిద్దిపేట దగ్గర మా ఊళ్లో దొర గడి ఉండేది. ఊరి పేరు, దొర పేరు చెప్పను. గడి వెనుక తబేలాలో ఆరు గుర్రాలుండేవి. వాటిని చూసుకునే పని నా పెనిమిటి మల్లేశానిది. కాపురానికి వచ్చిన నాటి నుంచి నాదీ అదే పని అయింది. దాన్ని వెట్టి అనాలని కూడా అప్పుడు మాకు తెలియదు.

గుర్రాల పనికి పండుగ లేదు, పబ్బం లేదు. వానాకాలం వస్తే కాళ్ల కింద తడి ఉండకూడదు, గిట్టలు కుళ్లిపోతాయి. రోజూ బూడిద చల్లి ఊడ్చి, గిట్టలకు వేపనూనె రాసేవాళ్లం. ఈగలకు వేపాకు పొగ వేసేవాళ్లం. చలికాలం గోనె పట్టాలు కప్పి, ఉలవల్లో బెల్లం, ఓమ కలిపి పెట్టాలి. ఉలవలు ఉడకబెట్టడం నా వంతు. ఆ వాసన నా చీరల్లోంచి ఎంత ఉతికినా పోయేది కాదు. ఎండాకాలం నీళ్ల పని. బావి నుంచి తబేలా దాకా బిందెలు మోసీ మోసీ నా భుజం ఒకవైపు వంగిపోయింది.

ఆరింటిలో మోతి అని ఒక తెల్ల ఆడగుర్రం ఉండేది. దొర దాన్ని హైదరాబాదు నుంచి తెప్పించాడు. కొత్త మనిషిని దగ్గరికి రానిచ్చేది కాదు. తొట్టిలో నీళ్లు తాగేది కాదు. మల్లేశం ఇత్తడి చెంబుతో దోసిట్లో పోసుకుని పెడితేనే మూతి పెట్టేది. ఆ తర్వాత బకెట్ అలవాటైంది కానీ, అది కూడా ఆయన పట్టుకుంటేనే.

"దీనికి నేనే అవ్వను, నేనే బాపును" అని నవ్వేవాడు.

ఆ ఏడు ఎండాకాలంలో దొర బిడ్డ పెండ్లి అయింది. కాబోయే అల్లుణ్ణి మోతి మీద ఎక్కించి బరాత్ తీశారు. గడి ముందుకు రాగానే దొర తమ్ముడు సంబరంతో తుపాకి పైకెత్తి, సరిగ్గా గుర్రం చెవి పక్కనే పేల్చాడు. మోతి ముందరి కాళ్లు ఎత్తి లేచింది. పెండ్లికొడుకు బురదకాలువలో పడ్డాడు. ఆ గుంపులో ఎవరో పకపకా నవ్వారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ నవ్వే కొంప ముంచింది.

పెండ్లివారు వెళ్లిపోయిన తెల్లారి దొర మల్లేశాన్ని పిలిపించాడు. నేను వెనక నిలబడ్డాను.

"మోతిని వాకిట్ల రాతిగుంజకు కట్టు. ఎండల ఉండాలె. దగ్గరికి కట్టు, కింద కూసోవద్దు. నీళ్లు లేవు, మేత లేదు."

మల్లేశం కాళ్ల మీద పడ్డాడు. "బాంచెన్ దొరా, తుపాకి పేల్చవట్టి బెదిరింది. దాని తప్పు లేదు దొరా. జెర నీళ్లన్న తాపనియ్యిన్రి."

"నీళ్లు తాపినోన్ని దాని పక్కకే కడ్త. నువ్వే కట్టు. నీ మాటే ఇంటదట గదా."

నిజమే, ఆయన మాటే వింటుంది. తాడు పట్టుకుని నడిస్తే మోతి ఆయన భుజానికి మూతి రాస్తూ వెంట వచ్చింది. కట్టించుకుంది. కట్టిన తర్వాత కూడా ఏదో పెడతాడనుకుని ఆయన చేతులు వాసన చూసింది.

గడి కావలివాళ్లు కర్రలు పట్టుకుని నీడలో కూర్చున్నారు. మిగిలిన అయిదు గుర్రాలకు నీళ్లు పెట్టడం ఆపడానికి లేదు. బావి నుంచి వచ్చే దారి ఆ వాకిలి మీది నుంచే. మల్లేశం రోజూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దాని ముందు నుంచి నిండు బకెట్లు మోయాలి. బకెట్ పిడి చప్పుడు వింటే చాలు, మోతి సకిలించేది. ఆ చప్పుడు రాకుండా ఆయన పిడికి పాత గుడ్డ చుట్టాడు. అప్పుడు వాసనతో పసిగట్టింది.

తర్వాత సకిలించడానికి గొంతు రాలేదు. రాతిగుంజను నాకేది. నాలుక వాచి నల్లబడి బయటికి వచ్చింది. కళ్లు మాత్రం ఆయన ఎటు పోతే అటే తిరిగేవి. నాలుగో రోజో అయిదో రోజో మధ్యాహ్నం మోకాళ్లు ఒరిగాయి. తాడు పొట్టిగా ఉండడంతో కింద పడనైనా పడలేదు. మెడకు తాడు బిగిసి వేలాడి చచ్చిపోయింది. దొర అరుగు మీది నుంచి చూసి, లోపలికి భోజనానికి వెళ్లాడు.

గిట్టల ఇనప నాడాలు పాడుచేయొద్దని, వాటిని ఊడదీయడానికి ఖాసిం సాబును పిలిచారు. సిద్దిపేట నుంచి వచ్చి గుర్రాలకు నాడాలు కొట్టేది ఆయనే. పెద్ద మనిషి. ఊడదీస్తూ కళ్లు తుడుచుకోవడం చూశాను.

తెల్లారి మల్లేశం అన్నం తిని నీళ్లు తాగి, చెంబు వంక వింతగా చూశాడు.

"తాగిన గని తడి తెల్వలే" అన్నాడు. "నోట్లకు ఏం రానట్టున్నది."

దిగులుతో అలా అనిపిస్తోందనుకున్నాను. మరుసటి రోజు కూడా అదే మాట. మూడు నాలుగు రోజుల్లో పెదాలు పగిలాయి. ముద్దగా వండిన జొన్నగట్క తినేవాడు, మింగుడు పడేది. అందులో ఉన్న తడితోనే అన్నాళ్లు బతికాడేమో. అంబలి పోస్తే లోపలికి పోయేది కాదు, కల్లు కూడా అంతే.

బండి కట్టించుకుని సిద్దిపేట దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు నోరు తెరిపించి దీపం పెట్టి చూశాడు. గొంతులో ఏమీ లేదన్నాడు. పిచ్చికుక్క కరిచిందా అని పదే పదే అడిగాడు. కరవలేదు. నీళ్లంటే ఆయనకు బెదురు లేదు. బావిలో దిగి స్నానం చేసేవాడు. డాక్టరు మా ఎదుటే గ్లాసుతో నీళ్లిచ్చి, ఏదో పని మీద అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి గ్లాసు ఖాళీ. "తాగినవు గదా, ఇంకేంది?" అని మందు సీసా ఇచ్చి పంపాడు. మల్లేశం నన్ను చూశాడు. ఆయన నాలుక మీద తెల్లటి పొక్కు ఎప్పటిలాగే పొడిగా కట్టి ఉంది.

ఆ వారంలోనే నేను చూశాను.

మధ్యాహ్నం. తబేలా ముందరి పందిరి కింద ఆయన కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయని చెంబు నేనే పట్టుకుని నోటి దగ్గర పెట్టాను. ఆయన పెదాలు ఇంకా అంచుకు తగల్లేదు. మధ్యలో జానెడు ఖాళీ ఉంది. చెంబులో నీళ్లు నడుమ గుంటపడి, కిందికి దిగడం మొదలైంది. నీళ్లు పీల్చే చప్పుడు వచ్చింది. అది మనిషి తాగే చప్పుడు కాదు. ఏళ్ల తరబడి గుర్రాలకు నీళ్లు పెట్టినదాన్ని, నాకు తెలియదా? నా మణికట్టు మీద వేడి ఊపిరి తగిలింది. ఉలవల వాసన. చెంబు తేలికైపోయింది. కింద చూశాను. ఒక్క చుక్క లేదు.

లోపల కట్టేసిన అయిదు గుర్రాలూ చెవులు నిక్కబెట్టి మా ఇద్దరి నడుమ ఉన్న ఆ ఖాళీ వైపే చూస్తున్నాయి.

నాకే మతి పోయిందనుకుని, ఖాసిం సాబు వచ్చినప్పుడు ఆయన చేతికి నీళ్ల చెంబిచ్చి మల్లేశం నోటి దగ్గర పట్టుకొమ్మన్నాను. ఆయన పట్టుకున్నాడు. చెంబు వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. చెంబు బోర్లా పడింది, నేల తడవలేదు.

"బిడ్డా, అది పగబట్టింది" అన్నాడు నెమ్మదిగా.

"ఈయన మీదెందుకు సాబూ? చంపినోడు గాడ అరుగు మీద కూసున్నడు గదా!"

దానికి మల్లేశమే జవాబు చెప్పాడు. "దానికి హుకుం ఎవలిదో ఏం తెలుసే? కట్టిన చెయ్యే తెలుసు."

దానికి దూప తీరితే, ఆ దాహం తీరితే ఈయనను వదులుతుందనుకున్నాను. బావి నుంచి బిందెల మీద బిందెలు తెచ్చి, అది చచ్చిన రాతిగుంజ దగ్గర కుమ్మరించాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా. "తాగు తల్లీ, కడుపునిండ తాగు, ఆయినను ఇడిచిపెట్టు" అని ఏడుస్తూ పోశాను. అక్కడ మాత్రం నీళ్లు మామూలుగా పారి బురదైంది. ఒక్క చుక్కనూ ఎవరూ తాగలేదు.

దొర అరుగు మీద నుంచి పిలిచాడు. "ఏమే, ఏం కత అది?"

చెప్పాను. దాచలేదు. దొర లోపలి నుంచి చల్లటి నీళ్లు తెప్పించాడు. నన్ను ఎదురుగా నిలబెట్టి, గుటకలు వినపడేటట్టు తాగాడు. మీసాలు తుడుచుకున్నాడు.

"నాకేం కాలే గదనే. తాడు కట్టింది నేనా?"

కావలివాళ్లు నవ్వారు. ఆ మాట, మల్లేశం మాట ఒకటే కావడం నాకు కత్తితో పొడిచినట్టయింది.

మిరుగు కార్తె తొలి వానలు మొదలైన రోజు మల్లేశం లేవలేని స్థితిలో ఉన్నాడు. వాన చప్పుడు విని బయట పడుకోబెట్టమని సైగ చేశాడు. నేనూ ఖాసిం సాబూ మంచాన్ని వాకిట్లోకి మోశాం. ఆయన నోరు తెరిచి ఆకాశం వైపు పెట్టాడు. వాన దంచికొట్టింది. నా చీర తడిసి ముద్దయింది. ఖాసిం సాబు గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. మల్లేశం ఛాతీ తడిసింది, కాళ్లు తడిశాయి. నోట్లో వేలు పెట్టి చూశాను. ఎండాకాలపు మట్టి లాగ పొడిగా ఉంది.

నా చేతిని పక్కకు జరిపి, గాలిలోకి తన చేయి ఎత్తాడు. దేనినో నిమిరినట్టు రెండుసార్లు కదిలించాడు. కోపం లేదు ఆ మొహంలో. ఆ వానలోనే పోయాడు.

ఆ తర్వాత చెంబుల్లో నీళ్లు చెంబుల్లోనే ఉన్నాయి. దొర ఇంకో మనిషిని తబేలాలో పెట్టాడు. నాకు పోయే జాగ లేదు. కడుపుతో ఉన్నాను. అదే గడిలో అవే గుర్రాలకు ఉలవలు ఉడకబెట్టాను. దొరలకు ఎదురు తిరిగిన సంగం వాళ్లు వచ్చాక దొర హైదరాబాదు పారిపోయాడు. గుర్రాలను ఎవరెవరో తోలుకుపోయారు. దొర అక్కడే ముసలివాడై, మనుమల నడుమ, తన మంచం మీద సుఖంగా పోయాడని విన్నాను. చివరి దాకా నీళ్లు తాగే ఉంటాడు.

చెంబులో నీళ్లు ఎలా మాయమయ్యాయో నేను చెప్పలేను. డాక్టరు చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. దాని కన్నా నన్ను తినేది ఇంకొకటి ఉంది. ఖాసిం సాబు పగ అన్నాడు. మల్లేశం కూడా అదే అనుకున్నాడేమో, ఆ చివరి రోజు దాకా. కానీ ఆ గుర్రానికి మా ఊరు వచ్చిన నాటి నుంచి నీళ్లంటే ఒకే మనిషి. అది పగతో వచ్చిందో, ఉత్త దూపతో వచ్చిందో, ఇన్నేళ్లకు కూడా నాకు తెలియలేదు.