కీచుగొంతు

పైడమ్మది కీచుగొంతు. ఆమె కేకేస్తే నాలుగిళ్ల అవతల పడుకున్న కుక్క లేచి కూర్చునేది. గాజువాకలో ఆ వీధంతా "కీచు పైడమ్మ" అని వెక్కిరించినా, మొగుడు తవిటయ్య మాత్రం "నా పెళ్లాం పిలిత్తే రేవు దాకా ఇనపడతాది" అని మురిసిపోయేవాడు.

ఓడలకు పట్టిన తుప్పును సుత్తితో కొట్టి రాల్చడం అతని పని. ఆ మోతకు తోటివాళ్లు చెవుల్లో దూది కుక్కుకునేవారు. తవిటయ్య ఒప్పుకోలేదు.

"దూదెట్టుకుంటే క్రేను ఈల ఇనపడదు. నెత్తిమీద ఇనపరేకు పడితే దూది కాత్తాదేటి?"

అలా పద్దెనిమిదేళ్లు కొట్టాడు. ఈమధ్య పెళ్లాం గొంతు మెత్తబడితే, వయసొచ్చి అణిగిందిలే అనుకున్నాడు.

ఎనభై నాలుగులో ఒక మధ్యాహ్నం, ఏ ఈల కోసం చెవులు తెరిచి ఉంచాడో ఆ ఈలే అతనికి వినపడలేదు. పక్కవాడు రెక్క పట్టి లాగబట్టి బతికాడు.

"కీచుమనే శబ్దాలు నీకిక వినపడవు. దీనికి మందు లేదు" అన్నాడు డాక్టరు. ఆయన బొంగురుగొంతు మాత్రం తవిటయ్యకు శుభ్రంగా వినిపించింది.

వీధి మలుపు తిరిగేసరికి గుమ్మంలో పైడమ్మ కనిపించింది. మెడ నరాలు పొంగేలా నోరు తెరిచింది.

నాలుగిళ్ల అవతల కుక్క లేచి కూర్చుంది.