బీవర్ చేయాల్సిన పని నేను చేసిన వారం

ఆ రోజుల్లో ఎడ్మంటన్‌లో ఏ కాఫీ షాపువాడైనా పనివాళ్ళు కావాలని బోర్డు పెడితే, లోపల కాఫీ తాగేవాళ్ళకంటే బయట రెజ్యూమె పట్టుకుని నిలబడ్డ మనవాళ్ళే ఎక్కువ కనిపించేవారు. జనవరిలో దిగిన బ్యాచ్ నాది. ఆగస్టు వచ్చినా పని దొరకలేదు. డేటా ఎనలిటిక్స్ చదువుతున్నానన్న గర్వం మూడు నెలల్లోనే కరిగిపోయి, "గిన్నెలు కడుగుతాను సర్, ఎంత పెద్దవైనా పర్లేదు" అనే స్థాయికి దిగాను (అక్కడా నాకంటే ముందు ఇద్దరు ఎం.టెక్ వాళ్ళు ఉన్నారు). అలాంటి సమయంలో మా బేస్‌మెంట్లో నాతోపాటు ఉండే గుంటూరన్న వచ్చి, "ఒరేయ్, బీవర్లు పట్టే ముసలాయనకి హెల్పర్ కావాలంట. నీకు నీళ్ళంటే భయం లేదుగా?" అన్నాడు. కృష్ణా కాలవ మీద గట్లూ లాకులూ చూసే లస్కరుగా పనిచేసినాయన కొడుకుని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది!

ఆ ముసలాయనకి నేను పెట్టుకున్న పేరు బోనుల తాత. డెబ్భై దాటిన తెల్లాయన, నోట్లోంచి మాట రావడమే గగనం. ఊరికి పడమరగా ఒక వాగుకి బీవర్లు అడ్డకట్ట కట్టేస్తే నీళ్ళు మట్టిరోడ్డు మీదికి ఎక్కుతున్నాయి. వాటిని బోనుల్లో ప్రాణాలతో పట్టి, దూరంగా ఉన్న చెరువులో వదలాలి. "వారం చూస్తాను. శుక్రవారానికి ఒక్కటైనా పడితే మంచు పడేదాకా నీకు పని. లేదా ఎవరి దారి వాళ్ళది" అన్నాడు (ఆయన ఇంగ్లీషుని నా తెలుగులోకి దించుతున్నాను). నేను అందులో "నీకు పని" అన్న ముక్కే విన్నట్టున్నాను. ఆ ఆదివారమే చర్చిలో లేచి, దేవుడు నాకు ఉద్యోగం ఇచ్చాడని సాక్ష్యం చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ఆంటీ అయితే డబ్బా నిండా చికెన్ పచ్చడి కూడా ఇచ్చారు. ఇప్పుడు పని పోతే మళ్ళీ లేచి ఏమని చెప్పుకోవాలి?

బీవర్‌ని ఎరగనివాళ్ళు పందికొక్కుకి మేకపిల్లంత ఒళ్ళిచ్చి, తెడ్డులాంటి తోక తగిలించి ఊహించుకోండి. చెట్లు కొరికి పడేసి, కొమ్మలూ బురదా కలిపి కట్ట కట్టి, నిలిచిన నీళ్ళలో కాపురం పెడుతుంది. సోమవారం సాయంత్రం తాత, "బోను ఎక్కడ పెడదాం?" అని అడిగాడు. "వాటి ఇంటి గుమ్మం ముందు" అన్నాను, చాలా ఆలోచించినవాడిలా. ఆయన నా వైపు జాలిగా చూసి, కట్ట పొడవునా నడిచి, నడిమధ్యలో నాలుగు కొమ్మలు పీకి గండి కొట్టి, దాని పక్కన బోను పెట్టి, "పార పట్టుకురా" అంటూ ట్రక్కు వైపు వెళ్ళిపోయాడు. గండిలోంచి నీళ్ళు బుసబుసా పోతున్నాయి. గండి కనబడితే మా నాన్న కంచం ముందు నుంచి లేచి పరిగెత్తేవాడు. పాపం పెద్దాయన, పూడ్చడం మర్చిపోయాడనుకున్నాను. ఎత్తిచూపితే నొచ్చుకుంటాడు కదా! అందుకని నోరెత్తకుండా గడ్డి పెళ్ళలూ బురదా వేసి, కాలితో తొక్కి, చేతులు కడుక్కుని వెళ్ళాను.

మంగళవారం పొద్దున బోను ఖాళీ. తాత టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు, మళ్ళీ అక్కడే గండి కొట్టి బోను ఇంకో పక్కకి జరిపాడు. ఓహో, లాకులాగా పగలు తెరిచి సాయంత్రం మూస్తారు కాబోలు, మూయడం హెల్పర్ పని కాబోలు అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంకా శ్రద్ధగా పూడ్చాను. బుధవారం పొద్దున తాత కట్ట మీద నిలబడి మొదటిసారి గలగలా మాట్లాడాడు. "నలభై ఏళ్ళలో ఇంత తెలివైనదాన్ని చూడలేదు! గండి కొడితే బాగుచేసుకోవడానికి వచ్చి బోనులో పడాలి. ఇదేమో రెండు రోజులూ బోను ముట్టుకోకుండా పని చేసుకుపోయింది. చూడు ఎంత నున్నగా చేసిందో!"

కాళ్ళకింద కట్ట కదిలినట్టయింది. ఆ పొగడ్తలన్నీ నావే, ఒక్కటీ పైకి చెప్పుకోవడానికి లేదు. చెబితే ఉద్యోగం పోతుందని బెల్లం కొట్టిన రాయిలా ఊరుకున్నాను. ఆ మహా మేధావిని మోసగించడానికి తాత కొత్త గండి కొట్టి, బోనుని యాభై అడుగుల దూరం తీసుకెళ్ళి పొదల్లో దాచాడు. ఆ రోజు నేను గండి జోలికి పోలేదు. గురువారం పొద్దునకి అసలు బీవరే వచ్చి, అడ్డేమీ లేదు కనుక, హాయిగా పూడ్చుకుపోయింది. తాత ముఖం చిన్నబోయింది. "నాకు వయసైపోయినట్టుంది. ఈ పని ఇక మానేస్తాను" అన్నాడు. ఆ మాట నేను భరించలేకపోయాను. "సర్, మొదటి రెండుసార్లూ పూడ్చింది నేనే. మీరు మర్చిపోయారనుకున్నాను. పెద్దవారు కదా, చెబితే బాగుండదని..." అని కక్కేశాను.

తాత కట్ట మీద కూలబడి, పొట్ట పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "నన్ను ఇంతగా గౌరవించి ముంచినవాడు ఇంకొకడు లేడు. సరే, నువ్వే బీవర్‌వైతే ముందు ఎక్కడికి పరిగెత్తుతావు?" అన్నాడు. కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాను. కట్ట ఒడ్డుకి కలిసే చోట, అడుగున, ఎండ్రకాయ బొరియలోంచి ఊరినట్టు సన్నగా బురదనీళ్ళు. మావైపు కట్టలు తెగేది ఇలాంటి చోటే. "ఇక్కడ సర్. ఇది చూస్తే నాకు నిద్ర పట్టదు." ఆయన దాన్ని పిడికిలంత పెద్దది చేసి, ఎదురుగా బోను పెట్టాడు.

శుక్రవారం పొద్దున బోనులో బీవర్ ఉంది. నేను చేలో గెంతినట్టు కట్టమీద గెంతాను. తాత నా వీపు మీద ఒక్కటి చరిచి, "సోమవారం ఆరింటికి రా" అన్నాడు.

మధ్యాహ్నానికి చెరువు దగ్గర తలుపు తెరిస్తే, ఆ బీవర్ బయటికి రాకుండా, బురద చేతులు పొట్టకి ఆనించుకుని కూర్చుంది. (దాని కుటుంబాన్నంతా పై వారంలో అక్కడికే చేర్చాం, కంగారు పడకండి.) నేను వంగి, "వెళ్ళవయ్యా. ఇక్కడా నీళ్ళున్నాయి, చెట్లున్నాయి. మొదట్లో అంతా కొత్తగానే ఉంటుంది, మెల్లగా అలవాటైపోతుంది" అని తెలుగులో బతిమాలాను. కాసేపటికి అది బుడుంగున నీళ్ళలోకి దిగి, వెనక్కి చూడకుండా ఈదుకుపోయింది.

ఇప్పుడు కాల్గరీలో ఆఫీసు కిటికీ దగ్గర కూర్చుని కట్టమీద గెంతిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, ముద్దొస్తుంది కూడా. వచ్చి ఎనిమిది నెలలు కాలేదు, చేతిలో ఆ పొద్దునే నిలబడ్డ ఉద్యోగం, అప్పుడే కొత్తగా వచ్చినవాళ్ళకి ధైర్యం చెప్పే పెద్దమనిషి అయిపోయాడు.