పక్కవాడి మడమ

కర్నూలులో నేను బి.ఎడ్. చదువుతున్న కాలేజీలో మా తరగతి తలుపు తెరిచినప్పుడల్లా కీచుమంటుంది. మొన్న అటెండరు చిన్న సీసాతో వచ్చి దాని బందులకు ఆముదం పోసి, చేతికంటిన జిడ్డును మోచేతులకు రాసుకుంటూ వెళ్ళిపోయాడు. ఎండకు వేడెక్కిన గదిలో ఆ వాసన మెల్లగా పరుచుకుంది. ముందు బెంచీల్లో కుర్రవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఈ వయసులో బెంచీ ఎక్కడం సరదాకి కాదు. చాలా ఏళ్ళుగా ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతున్నాను. శిక్షణ లేనివాళ్ళను ఇక ఉంచుకోలేమన్నారు, వచ్చి చేరాను. మొదటి రోజు నేను గదిలోకి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. నేను పోయి వెనక బెంచీలో కూర్చుంటే ఒకడు వెనక్కి తిరిగి, "ఏమన్నా, లెక్చరరనుకొని దండం గూడా పెడితిమే! మా దండం మాకిచ్చేయ్" అన్నాడు. అప్పట్నుంచి వాళ్ళందరికీ అన్నను.

ఆముదం వాసన అంటే నాకు చెక్కభజన. మా ఊరు డోన్ దగ్గర ఒక మెట్ట పల్లె. శివరాత్రి దాటేసరికి చేలన్నీ ఖాళీ అయ్యేవి, వేరుశనగ కట్టె వాములకెక్కేది, ఆడవాళ్ళు అరుగుల మీద గుంపుగా కూర్చుని విత్తనానికి బుడ్డలు ఒలుస్తుంటే ఆ పొట్టు వేడిగాలికి లేచి వీధంతా తిరిగేది. మగవాళ్ళకు పని ఉండేది కాదు. మాకు బడి ఒంటిపూటే. మధ్యాహ్నమంతా బిళ్ళంగోడు ఆడి, మోకాళ్ళు చీరుకుని, అవ్వ ఇచ్చిన జొన్నరొట్టెను ఎర్రకారం పూసుకుని తింటూ ఎప్పుడు పొద్దు వాలుతుందా అని చూసేవాళ్ళం. పొద్దు వాలితే భజన గురువు వచ్చేవాడు.

ఆయన కడప దిక్కు మనిషి. శ్రీరామనవమికి ముందు ఊళ్ళవాళ్ళు పిలిపించుకుంటే వచ్చి పిల్లలకు అడుగులు నేర్పి పోయేవాడు. సన్నటి మనిషి, భుజాన ఎర్ర తువ్వాలు, నోట్లో ఎప్పుడూ వక్క. ఆయన సంచీ విప్పగానే ఆముదం వాసన గుప్పున కొట్టేది. ఇత్తడి బిళ్ళలు బిగించిన ఆ కొయ్య చెక్కలు ఎండకు పగలకుండా రోజూ నూనె పట్టించేవాడు. జత చెక్కలు వేళ్ళకు తగిలించుకుని ఒక్కసారి ఆడిస్తే, చిల్లర పోసిన ఇత్తడి చెంబును ఎవరో మెట్ల మీంచి దొర్లించినట్టు ఉండేది. రామాలయం ముందు మెత్తగా తొక్కి, నీళ్ళు చల్లిన మట్టినేల. అరికాళ్ళకు ఆ చల్లదనం ఇప్పటికీ తెలుస్తుంది.

కొత్తవాడికి ఆయన అడుగులు విడిగా నేర్పేవాడు కాదు. ముందు ఏడాది ఆడినవాడి పక్కన నిలబెట్టేవాడు, అంతే. "పాట మీద గ్యానం పెట్టొద్దు. పక్కోడి మడమ జూడు. మొదటి పండగ దాకా నీ కన్ను ఆడ్నే ఉండల్ల" అనేవాడు. నేను అలాగే నేర్చుకున్నాను. చూస్తూ చూస్తూ ఉండగా ఒకరోజు, ఎప్పుడు చూడటం మానేశానో తెలియకుండానే, నా కాళ్ళు వాటంతటవే పోతున్నాయి. ఆ సాయంత్రం ఇంటికి గాల్లో నడిచిపోయాను.

మరుసటి ఏడు నా పక్కన నరసింహులును నిలబెట్టారు. మా వీధి వాడే, నాకంటే కొంచెం చిన్న, ఎప్పుడూ ముక్కు చీదుకుంటూ అందరి వెనక నడిచే పిల్లవాడు. వాడికి నేర్పే పెద్దరికం దొరికిందని మొదట్లో మురిసిపోయాను. వాడు కళ్ళార్పకుండా నా మడమనే చూసేవాడు. నేను కాలెత్తితే ఎత్తేవాడు, నేను దురద పుట్టి గీరుకుంటే వాడూ గీరుకునేవాడు. కొన్నాళ్ళకు వాడి అడుగులో ఏదో చేరింది. నేను నేలను తన్నేవాడిని. వాడు తాకేవాడు. తడిమట్టిలో అచ్చు కూడా పడేది కాదు. ఒక సాయంత్రం గురువు నన్ను పక్కకు పిలిచి, వక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని, "చూడ్రా, వాడు నీకంటే మెత్తగా ఏస్తాండాడు. వచ్చే ఏడు ముందు వరసలో వాడే" అన్నాడు. వాడికి నేర్పింది నేనే కాబట్టి నన్ను మెచ్చుకుంటున్నాననే ఆయన అనుకున్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు.

నవమి నాడు ఊరంతా పానకం వాసన, మిరియాల ఘాటు, ఓళిగల మీద కాగిన నెయ్యి. మాకు పచ్చ నిక్కర్లు, కాళ్ళకు గజ్జెలు, నడుముకు ఎర్రగుడ్డ. పొద్దు వంగుతుండగా మొదలుపెట్టాం. మూడో పాటలో అందరూ ఒక్కసారిగా కుడికి తిరిగే మలుపు ఉంది. అక్కడికి రాగానే నేను ఎడమకాలు ఎడమవైపుకు వేశాను. వెంటనే సర్దుకుని కుడికి తిరిగిపోయాను. నాకు దారి తెలుసు కదా. నరసింహులు నా మడమ వెంట పూర్తిగా ఎడమకు తిరిగి, ఎదురొచ్చిన వాడిని గుద్దుకుని పడ్డాడు. చెక్కలు ఎగిరిపడ్డాయి. జనం నవ్వారు. పాట ఆగింది. గురువు వచ్చి "ఏమాయరా?" అంటే, వాడు నేల చూస్తూ "మర్చిపోతి" అన్నాడు. ఆ సాయంత్రమే ఎవరో వాడికి తప్పడుగోడు అని పేరు పెట్టారు. వాడు మళ్ళీ గజ్జె కట్టలేదు.

ఈ కథను నేను జీవితమంతా చెప్పాను. పెళ్ళిళ్ళలో, స్టాఫ్ రూముల్లో, వాడు ఎట్లా పడ్డాడో లేచి చూపించి మరీ నవ్వించాను. కిందటి నెల మా సెమినార్లో అభ్యసన సిద్ధాంతాల గురించి మాట్లాడమన్నారు. గంట మోగితే లాలాజలం కార్చే కుక్కల గురించి, గింజ కోసం మీట నొక్కే పావురాల గురించి అందరూ చెప్పేశారు. నేను లేచి, కొందరు పిల్లలకు కొన్ని విద్యలు ఎంత నేర్పినా రావు, పుట్టుకే అంత అంటూ నరసింహులును ఉదాహరణగా చెప్పాను. గది పగలబడి నవ్వింది. మా మేడం మాత్రం నవ్వలేదు. నాకంటే చిన్నావిడ. పిల్లవాడు ఒంటరిగా చేయలేని పనిని తనకంటే కొంచెం ముందున్నవాడి తోడుతో చేయగలడని అంతకు ముందు వారమే ఆవిడ పాఠం చెప్పారు. నెమ్మదిగా అడిగారు: "ఆ పిల్లోడి పక్కన ఎవరుండ్రి సార్?"

"గుర్తులేదు మేడం" అన్నాను.

ఆ అబద్ధం నాతోపాటు బస్సెక్కి మా గదికి వచ్చింది. మరుసటి ఆదివారం ఊరికి పోయాను.

బస్టాపు దగ్గర టీ బంకులో నరసింహులు కూర్చుని ఉన్నాడు. మీసాలు నెరిశాయి. "ఏమప్పా, ఇంత ఎండకొస్తివి, రా రా, కూకో" అని బల్ల మీద జరిగాడు. బంకు కుర్రవాడు గ్లాసు పెడుతూ, "తప్పడుగు మామా, నీకు చక్కెర ఎయ్యల్నా?" అన్నాడు. ఆ పేరెందుకొచ్చిందిరా అని కుర్రవాణ్ణి అడిగాను. "ఏమోన్నా, నేను పుట్టకముందు నుంచీ అట్లే అంటాండారు. కాలు వంకరేమో అనుకొంటి" అన్నాడు. చెక్కభజనలో వచ్చిందంటే, అదేంటని అడిగాడు. చూస్తే రోడ్డుకవతల రామాలయం ముందు సిమెంటు పోశారు. గురువు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన తర్వాత నేర్పేవాళ్ళెవరూ రాలేదట, నేర్చుకునేవాళ్ళూ లేరట. ఊళ్ళో అడుగన్నదే లేదు, తప్పడుగు అన్న పేరు మాత్రం మిగిలింది.

"నరసింహులూ, ఆ పొద్దు తప్పడుగు ఏసింది నేను" అన్నాను.

వాడు టీ ఊదుకుంటూ, "తెలుసులేప్పా. నీ మడమే గదా జూస్తాంటి. పాపం పొరపాటున ఏసినావనుకొంటి. నీకు తిట్లు పడతాయని చెప్పలే" అన్నాడు.

అక్కడితో ఆగిపోవచ్చు. ఆగిపోదామనే అనిపించింది కూడా.

"పొరపాటు గాదు. తెలిసే ఏసినా."

వాడు గ్లాసు కింద పెట్టాడు. 

"ఎందుకప్పా?"

"నువ్వు నాకంటే బాగా ఏస్తాంటివి. గురువు నాతో అన్యాడు. నీకు చెప్పలేదు నేను."

కోపం వస్తుందనుకున్నాను, వస్తే బాగుండనుకున్నాను. వాడు నా వైపు పూర్తిగా తిరిగాడు. ఎప్పుడూ ముక్కు చీదుకుంటూ అందరి వెనక నడిచిన ఆ పిల్లవాడి కళ్ళే అవి, రెప్ప వేయడం లేదు.

"గురువా? నేను బాగా ఏస్తాండానన్యాడా?"

"నాకంటే మెత్తగా ఏస్తాండావన్యాడు. వచ్చే ఏడు ముందు వరసలో నువ్వే అన్యాడు."

వాడు గుడి ముందరి సిమెంటు నేల వైపు చూశాడు. తర్వాత బంకు కుర్రవాణ్ణి చేయి పట్టి దగ్గరకు లాక్కుని, "ఇంగొగసారి చెప్పప్పా, వీడూ వినల్ల" అన్నాడు.